చీర గ్రాఫు గీసిన చేతికి గేము కష్టమా?

ప్రశ్న: అక్కా, మాది ధర్మవరం. మా నాయన పట్టుచీరల డిజైన్లకు గ్రాఫు వేస్తాడు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన పక్కన కూర్చుని గళ్లు నింపేదాన్ని. బళ్లో ఉన్నప్పుడే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసయ్యాను. ఇప్పుడు అనంతపురంలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ ఆఖరి సంవత్సరం. నా నోట్సుల్లో వెనక పేజీలన్నీ బొమ్మలే. కోడింగ్ పరీక్షల వరకూ గట్టెక్కుతాను కానీ దాని మీద మనసు పోదు. క్యాంపస్‌లో బెంగళూరు కంపెనీ ఒకటి ఉద్యోగం ఇచ్చింది. నాకేమో వీడియో గేములు తయారు చేయాలని ఉంది. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ ఏడాది గేమ్ ఆర్ట్ కోర్సుకు మూడున్నర లక్షలు అడుగుతోంది. అమ్మ తన గాజులు కుదువ పెడతానంటోంది. నాయనేమో ‘గేములంటే రమ్మీ ఆడించేదే కదా’ అని నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఏఐ వచ్చాక బొమ్మలు గీసేవాళ్లతో పనేముందని ఫ్రెండ్స్ అంటున్నారు. ఉద్యోగం వదిలేసి కోర్సులో చేరనా? ఐదు వేలు అడ్వాన్స్ కూడా కట్టేశాను. చాలా టెన్షన్‌గా ఉంది.
– పేరు రాయొద్దన్న చెల్లి, అనంతపురం

సమాధానం: చెల్లీ, ముందు గాజుల సంగతి. కుదువ పెట్టొద్దని అమ్మకు ఈ రోజే చెప్పు. ఉద్యోగంలో చేరు. గేము మాత్రం ఈ నెల్లోనే మొదలుపెట్టు. మూడూ కలిపి చేయొచ్చు. ఎలాగో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు.

నీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదువుకున్న మాట ‘నాయన పక్కన కూర్చుని గళ్లు నింపేదాన్ని’ అన్నది. నువ్వు దాన్ని చిన్ననాటి ముచ్చటలా రాసేసి ముందుకెళ్లిపోయావు. నాకైతే ఆ ఉత్తరం మొత్తంలో నీ అసలు చదువు అదే అనిపించింది. గ్రాఫు కాగితం మీద ఒక్కో గడీ మగ్గం మీద ఒక్కో పోగు లెక్క. గుండ్రటి గీత గీయడానికి వీల్లేదు, మెట్లు మెట్లుగానే వంపు తిప్పాలి. మామిడి పిందె తోక ఎక్కడ తిరగాలి, బుటాలో ఆకు ఎన్ని గళ్లలో ఇమడాలి అని ముందే చూసుకోవాలి. మెడ దగ్గర ఒక్క గడి ఎక్కువైతే నెమలి కాస్తా బాతవుతుంది. ఈ కష్టం తెలిసిన మనిషికి పిక్సెల్ ఆర్ట్ అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. తెర మీదా అవే గళ్లు.

మారియో బొమ్మ చూసే ఉంటావు. దాన్ని రూపొందించిన షిగేరు మియమోటో చిన్నప్పటి నుంచీ బొమ్మలు గీసిన మనిషి. జపాన్ కామిక్స్ వేయాలని కలలు కన్నాడు, కనజావాలో ఇండస్ట్రియల్ డిజైన్ చదివాడు, 1977లో జపాన్ కంపెనీ నింటెండోలో చేరాడు. ఆయన ప్రోగ్రామర్ కాదు. 1981లో డాంకీ కాంగ్ గేము వచ్చినప్పుడు దాని కోడ్ రాసింది వేరే ఇంజనీర్లు. మారియో మొదట కనిపించింది అందులోనే. ఆ బొమ్మకు దక్కింది నిలువుకీ అడ్డానికీ పదహారు గళ్లంత చోటు. అందులో నోరు గీస్తే కనబడదు, అందుకే పెద్ద ముక్కు కింద మీసం పెట్టాడు. జుట్టు గీయడం, ఎగిరినప్పుడు దాన్ని కదిలించడం కష్టం కాబట్టి నెత్తిన టోపీ పెట్టాడు. చేతులు ఊపుతుంటే ఒంటి రంగులో కలిసిపోకూడదని పైన వేరే రంగు డంగరీ తొడిగించాడు. ఈ రోజు ప్రపంచంలో పిల్లలందరికీ తెలిసిన ఆ ముఖం అలా గళ్లు చాలక పుట్టింది. తర్వాత 1983లో ఆ కంపెనీ ఇంట్లో ఆడుకునే మెషీన్ తెచ్చినప్పుడు ఒక్కో చిన్న బొమ్మకు మూడే రంగులు దక్కేవి. మీ నాయనకు ఈ సంగతి చెప్పి చూడు. చీరలో రంగు పెరిగే కొద్దీ మగ్గం మీద పని ఎంత పెరుగుతుందో ఆయనకు తెలుసు, వెంటనే తల ఊపుతాడు.

అయితే నీకు ఇంకా రానిది ఒకటుంది. చీర మీద నెమలి అందంగా ఉంటే చాలు. గేములో నెమలి ఆడేవాడికి ఏదో ఒకటి చెప్పాలి. నన్ను తాకు, నా దగ్గరికి రావద్దు, ఇప్పుడు ఎగురు, ఆగు అని. నువ్వు ఇన్నేళ్లూ గీసిన బొమ్మల్ని జనం చూశారు. ఇకమీదట గీసేవాటికి జనం వేలితో బదులిస్తారు. ఈ తేడా కోర్సులో పాఠం వింటే రాదు, ఒక చిన్న గేము చివరిదాకా చేస్తేనే వస్తుంది. అందుకే ముందు గేము చేయమంటున్నాను.

ఎంత చిన్నదంటే, ఒకే తెర, ఒకే బటన్. అనంతపురంలో పెరిగినవాళ్లకు నీళ్ల కోసం బిందె మోయడం గురించి చెప్పేదేముంది? ఒక అమ్మాయి చంకన బిందెతో కొళాయి దగ్గర నుంచి ఇంటికి నడుస్తుంది. బటన్ నొక్కి ఉంచితే నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. దారిలో సైకిలు, కుక్క, స్పీడ్ బ్రేకర్. నడుస్తూ తగిలితే నీళ్లు తొణుకుతాయి. ఇల్లు చేరేసరికి బిందెలో ఎంత మిగిలితే అంత గెలుపు.

దీనికి ఏమేం గీయాలో లెక్క వేద్దాం. నడకకు మామూలుగా ఎనిమిది బొమ్మలు. ఒక్కో అడుగుకు నాలుగు: మడమ నేలకు తాకడం, ఒళ్లు కాస్త దిగడం, వెనక కాలు ముందు కాలిని దాటడం, ఒళ్లు పైకి లేవడం. రెండో కాలికి మళ్లీ అవే నాలుగు. కానీ నీ పిల్ల చంకన బిందె ఉంది కాబట్టి ఒళ్లు అవతలి పక్కకు ఒరుగుతుంది, ఖాళీ చేయి దూరంగా చాస్తుంది, అడుగులు పొట్టివవుతాయి. ఇది పుస్తకంలో చూసి గీస్తే తేలిపోతుంది. బిందె పట్టుకుని నడిచే ఆడవాళ్లను పొద్దున్నే ఒక గంట చూసి, గబగబా గీతల్లో పట్టుకో. నీళ్లకు నాలుగు బొమ్మలు: నిండు, ముప్పావు, సగం, అడుగంటు. దారి ముక్క ఒకటి గీస్తే చాలు, పక్కపక్కన పేర్చుకుంటూ పోవచ్చు. చీర అంచు మళ్లీ మళ్లీ వచ్చినట్టే, అతుకు కనపడకపోతే చాలు.

ఇప్పుడు అసలు పని. సైకిలు వస్తోందని ఆడేవాడికి ఎప్పుడు తెలియాలి? కంటికి కనబడింది బుర్రకెక్కి వేలు కదలడానికి మనిషికి సుమారు పావు సెకను పడుతుంది. నువ్వు సెకనుకు పన్నెండు బొమ్మల చొప్పున కదిలిస్తుంటే పావు సెకనంటే మూడు బొమ్మలు. హెచ్చరిక అంతకంటే తక్కువసేపు కనిపిస్తే ఎంత చురుకైనవాడూ తప్పించుకోలేడు, ‘ఇది దొంగ గేము’ అని ఫోన్ పక్కన పడేస్తాడు. అదే ఆరు బొమ్మలు ఇచ్చావనుకో, ఓడినా ‘అయ్యో, నాదే తప్పు’ అని మళ్లీ ఆడతాడు. ఆ ఆరు బొమ్మల్లో ఏం గీస్తావు? సైకిలు తెరలోకి రాకముందే దాని నీడ రావచ్చు. పిల్ల తల అటు తిప్పవచ్చు. బిందె మూతి మీద చేయి వేయవచ్చు. ఇది డ్రాయింగ్ సమస్యే, దీన్ని కోడ్ తీర్చలేదు. గేములంటే నాకు అంత ఇష్టం ఎందుకని ఎవరైనా అడిగితే ఈ ఆరు బొమ్మల గురించే చెబుతాను.

చేశాక మీ ఇంట్లో ఎవరో ఒకరి చేతికి ఫోన్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చో. ఎలా ఆడాలో చెప్పాలని నోరు తెగ దురద పెడుతుంది, చెప్పొద్దు. వాళ్ల వేలు ఎక్కడ ఆగిందో అక్కడ నీ బొమ్మ మాట్లాడలేదని అర్థం. ఆ బొమ్మ మార్చు.

మీ ఊరికి దగ్గర్లోనే నిమ్మలకుంట ఉంది కదా. తోలుబొమ్మల దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన ఊరు. ఇంతకు ముందు వెళ్లి ఉన్నా ఈసారి వేరే కంటితో చూసి రా. రంగులూ నగిషీలూ తర్వాత, ముందు కీళ్లు చూడు. భుజం, మోచేయి వేరే వేరే ముక్కలు. ఒక ముక్క చివర ఇంకో ముక్క మీదికి ఎక్కి ఉంటుంది, అక్కడే దారంతో ముడి. చేయి ఎంత ఎత్తినా మధ్యలో సందు కనబడదు. కంప్యూటర్‌లో కటౌట్ యానిమేషన్ అనేది ఇదే పని. బొమ్మను ముక్కలుగా గీసి, ముడి ఉన్న చోట తిరిగేలా ఎముకలు పెడతారు. ప్రతి కదలికకూ కొత్త బొమ్మ గీయక్కర్లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు అందరూ చేసే తప్పు ముక్కల్ని సరిగ్గా కీలు దగ్గరే కోసేయడం. చేయి వంచగానే మోచేతి దగ్గర ఖాళీ పడుతుంది. నిమ్మలకుంట వాళ్లు ఎంత మేర ఎక్కించి కడతారో అడిగి, కొలిచి, నీ నోట్సులో గీసుకో.

సాఫ్ట్‌వేర్‌కు పైసా ఖర్చు లేదు. గీయడానికి క్రిటా, గేము కట్టడానికి గోడో, రెండూ ఉచితం, మామూలు కాలేజీ లాప్‌టాప్‌లో నడుస్తాయి. గోడో 2014 నుంచి ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు. దాంతో చేసిన గేము అమ్ముకున్నా ఎవరికీ వాటా ఇవ్వక్కర్లేదు. పెన్ టాబ్లెట్ స్క్రీన్ లేనిది చాలు, అది కూడా మొదటి జీతంతో కొనుక్కో, అప్పటిదాకా గళ్ల బొమ్మలు మౌస్‌తోనే గీయొచ్చు. పూర్తయ్యాక చిన్న గేములు పెట్టుకునే వెబ్‌సైట్ ఇచ్ డాట్ ఐఓలో ఉచితంగా పెడితే ఫోన్ బ్రౌజర్‌లోనే ఆడుకుంటారు. ప్లే స్టోర్‌కు ఒకేసారి 25 డాలర్లు, కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌కు ఒక్కో గేముకు 100 డాలర్లు కట్టాలి. మొదటి గేముకు ఆ రెండూ వద్దు.

కోడింగ్ మీద మనసు పోదన్నావు. బ్యాంకు ఖాతాల రికార్డులు, విద్యార్థుల మార్కుల జాబితాలు తప్ప వేరే ఏమీ రాయించకపోతే ఎవరికి మాత్రం మనసవుతుంది? గోడోలో రాసేది దాదాపు పైథాన్‌లా ఉంటుంది. నువ్వు గీసిన పిల్ల నువ్వు రాసిన నాలుగు లైన్లకు మొదటిసారి అడుగు వేసినప్పుడు నీకేమనిపిస్తుందో చూసి అప్పుడు చెప్పు. అప్పటికీ ఇష్టం కలగకపోతే ఫర్వాలేదు, స్టూడియోల్లో కోడ్ జోలికి పోని ఆర్టిస్టులు బోలెడుమంది. కానీ టెక్నికల్ ఆర్టిస్ట్ అని ఒక పని ఉందని నీకు ఎవరైనా చెప్పారో లేదో. ఆర్టిస్టులకూ ప్రోగ్రామర్లకూ మధ్య నిలబడే మనిషి. బొమ్మల్లో ఎముకలు పెట్టడం, నీళ్లు మెరిసేలా షేడర్లు (వెలుగు, రంగు ఎలా కనబడాలో చెప్పే చిన్న కోడ్) రాయడం, ఆర్టిస్టుల పని తేలికయ్యేలా చిన్న చిన్న టూల్స్ చేయడం, ఫోన్ వేడెక్కకుండా బొమ్మల బరువు తగ్గించడం. గీయడం వచ్చినవాళ్లకు కోడ్ రాదు, కోడ్ వచ్చినవాళ్లకు గీత రాదు. నీకు సగం సగమైనా రెండూ ఉన్నాయి. ఈ డిగ్రీ వృథా అయిందని ఎవరన్నా ఒప్పుకోకు.

ఇక డబ్బు మాట. కప్‌హెడ్ అనే గేము 2017లో వచ్చింది. బొమ్మలన్నీ కాగితం మీద చేత్తో గీసినవే. దాన్ని చేసిన కెనడా అన్నదమ్ములు ఉద్యోగాలు మానేసి, ఇళ్లు తాకట్టు పెట్టారు. అది గొప్పగా ఆడింది కాబట్టి ఆ కథ అందరూ చెప్పుకుంటారు. ఇళ్లు తాకట్టు పెట్టి మునిగినవాళ్ల పేర్లు మనదాకా రావు. నాకు నీ విషయంలో నచ్చే కథ వేరేది. స్టార్‌డ్యూ వ్యాలీ అనే పల్లె గేమును ఎరిక్ బరోన్ ఒక్కడే చేశాడు, 2016లో విడుదలైంది. బొమ్మలు, పాటలు, కోడ్ అన్నీ అతనివే, నాలుగేళ్లకు పైగా పట్టింది. అతనూ నీలాగే కంప్యూటర్ సైన్స్ చదివినవాడు. ఆ ఏళ్లలో ఒక థియేటర్‌లో జనానికి సీట్లు చూపించే పార్ట్ టైమ్ పని చేశాడు. మొదట్లో గీసిన బొమ్మలు నచ్చక మళ్లీ మళ్లీ గీశాడు. నీకు సీట్లు చూపించే పనికంటే మెరుగైన ఉద్యోగమే చేతికొచ్చింది. బెంగళూరు గదిలో రాత్రి ఒక గంట, ఆదివారం నాలుగు గంటలు. అలసిపోయిన రోజు మానెయ్. చేరే ముందు ఆఫర్ లెటర్ మాత్రం పూర్తిగా చదువు. బాండ్ ఎన్నాళ్లు, బయట చేసుకున్న పని మీద కంపెనీకి హక్కు ఉంటుందని ఎక్కడైనా రాశారా అని చూసుకో. అలాంటి మాట ఉంటే గేము అమ్మే ముందు హెచ్ఆర్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకో.

గేము పరిశ్రమ కూడా నిలకడైనదేం కాదు. 2023 నుంచి ప్రపంచమంతా పెద్ద పెద్ద స్టూడియోలు మనుషుల్ని తీసేశాయి. హైదరాబాద్, బెంగళూరు, పుణెల్లో విదేశీ కంపెనీల స్టూడియోలూ మనవాళ్లవీ ఉన్నాయి, కానీ అక్కడ ముందు అడిగేది ‘ఏం చేశావు, చూపించు’ అనే. సర్టిఫికెట్ తర్వాత సంగతి. నీ బిందె గేము చిన్నదైనా, పూర్తయిందైతే, దాన్ని చూపించొచ్చు.

చదువే కావాలనిపిస్తే రెండేళ్లు పనిచేశాక దారి ఉంది. బెంగళూరు ఎన్ఐడీలో (జాతీయ డిజైన్ సంస్థ) డిజిటల్ గేమ్ డిజైన్ మాస్టర్స్ ఉంది. బీటెక్ వాళ్లు సీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎం.డిజైన్‌కు వెళ్లొచ్చు, హైదరాబాద్ ఐఐటీలో కూడా. ఇంటర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీకు డిజైన్ డిగ్రీలో చేరడానికి యూసీడ్, ఎన్ఐడీ ప్రవేశ పరీక్షలు ఉన్నాయి, హైదరాబాద్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం జేఎన్ఏఎఫ్ఏయూలో యానిమేషన్ బీఎఫ్ఏ ఉంది, కడపలోనే ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. ఎక్కడైనా సరే, ఆ కోర్సుకు అనుమతులు ఉన్నాయో లేదో చూసుకుని చేరండి.

మీ నాయన సంగతికి వస్తున్నాను. ఆయన భయాన్ని తేలిగ్గా తీసుకోకు. రమ్మీ యాప్‌లలో జీతాలు, అప్పులు పోగొట్టుకున్నవాళ్లు మన ఊళ్లలో ఎందరో. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌నూ (పోటీలుగా ఆడే వీడియో గేములు), డబ్బు పందెం లేని ఆటలనూ వేరు చేసి ప్రోత్సహిస్తామంది. ఇది ఆయనకు చెప్పు, కానీ వాదనకు దిగకు. దానికంటే ఒక గ్రాఫు కాగితం తీసుకుని వెళ్లి కూర్చో. ‘నాయనా, ఈ పిల్ల పావడా మీద బుటా ఆరు గళ్లలో రావాలి, రెండే రంగులు, ఎట్లా?’ అని అడుగు. ఆయన పెన్సిల్ తీసుకోకపోతే నాకు మళ్లీ రాయి.

మన బతుకులు గేముకు పనికొస్తాయా అన్న అనుమానం నీకు ఉందో లేదో. టొరంటోలో ఉన్న చిన్న బృందం తమిళ కుటుంబం వంటింటి మీద వెంబ అనే గేము చేసింది, 2023లో వచ్చింది. ఇడ్లీ ఎలా వేయాలో కనుక్కోవడమే అందులో ఆట. మరుసటి ఏడాది బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా అవార్డు అందుకుంది. పుణెలో చేసిన రాజీ గేము 2020లో వచ్చింది, అందులో మన పురాణాలు, రాతి కోటలు ఉన్నాయి. మన లేపాక్షి పైకప్పు చిత్రాల్లోని చీరల అంచులను, జుట్టుముడులను ఇంతవరకు ఏ గేములోనూ నేను చూడలేదు.

ఏఐ గురించి ఒక్క మాట. అది ఒక అందమైన బొమ్మ క్షణంలో ఇస్తుంది. అదే పిల్ల, అదే పావడా, అదే బిందెతో ఎనిమిది అడుగులూ పొందికగా, ఆ ఆరు హెచ్చరిక బొమ్మల్లో ఏది ముందు ఏది వెనక అన్న నిర్ణయంతో కావాలంటే ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించాలి. ఏఐ వాడితే ఆ సంగతి చెప్పాలని 2024 నుంచి స్టీమ్ కూడా అడుగుతోంది. నేర్చుకునే ఈ ఏడాది మాత్రం దాని జోలికి పోకు. చేయి తడబడే చోటే నీకు తెలియాల్సింది ఉంది.

అడ్వాన్స్ ఐదు వేలు వాపసు ఇవ్వమని ఇన్‌స్టిట్యూట్‌కు ఫోన్ చేయడం కాదు, మెయిల్ రాయి, రసీదు ఫొటో జత చేయి. కోర్సు ఇంకా మొదలుకాలేదన్న సంగతి అందులో స్పష్టంగా రాయి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయి. డబ్బు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఆ ఐదు వేలు పోతాయన్న బెంగతో మిగతా మూడు లక్షల నలభై ఐదు వేలు మాత్రం కట్టొద్దు.